ఏకచక్రపురంలో ఏడుపు విన్నదెవరు?

నిజామాబాద్ జిల్లాలోని బోధన్ పట్టణమే ఆనాటి ఏకచక్రపురమని స్థానికుల నమ్మకం. ఏకచక్రేశ్వరుడి గుడి పేరులోనూ ఆ కథే ఉంది. పాండవులు మారువేషంలో తలదాచుకున్న ఇంట్లో ఓ రోజు ఏడుపు వినిపిస్తే, కుంతి లోపలికి వెళ్లి సంగతేమిటని అడిగింది. బకాసురుడికి ఆహారంగా వెళ్లే వంతు ఆ ఇంటికి వచ్చిందని అప్పుడే తెలిసింది. ఆ ఇంటి పసివాడు గడ్డిపరక పట్టుకుని, దీంతోనే రాక్షసుణ్ని చంపేస్తానని వచ్చీరాని మాటల్లో అన్నాడు. అంత దుఃఖంలోనూ పెద్దలు ఆ ముద్దుమాటలు విన్నారు.

బిడ్డను కాపాడటమంటే తిండీ నీడా ఇవ్వడమేనా, ఆ బిడ్డ మాట వినడం కూడానా?

బోధన్ నుంచి సాలూర దాటితే మహారాష్ట్రే. ఒకప్పుడు చెరకుకు పేరుపడ్డ ఈ నేల మీద తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ కలిసే వినిపిస్తాయి. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని 2015 నాటి చట్టం చెబుతోంది. ఇంతవరకూ బాగానే ఉంది.

అలా ఓ బాలల గృహానికి ఏడేళ్ల మరాఠీ పిల్ల వచ్చిందనుకుందాం. రాత్రి 'ఆయీ' (అమ్మా) అంటూ ఉలిక్కిపడి లేస్తుంది. జొన్నరొట్టె తిని పెరిగిన పిల్ల పళ్లెంలోని అన్నాన్ని వేలితో కెలుకుతూ కూర్చుంటుంది. తెలుగులో అడిగితే తల వంచుకుంటుంది. పెద్దలకు ఆ మౌనం అణకువలా కనిపిస్తుంది. పసివాళ్ల దిగులు చాలాసార్లు మాటల్లో బయటపడదు. కడుపునొప్పిగా, పక్క తడపడంగా, కోపంగా వస్తుంది. దాన్ని ఆ పిల్ల భాషలో అడిగేవాళ్లు ఉంటేనే మందు దొరుకుతుంది.

అమెరికాలో ఇదే బాధ లాటినో పిల్లలది. స్పానిష్ మాట్లాడే పిల్లలకు స్పానిష్ వచ్చిన ఇళ్లలోనే ఆశ్రయం చూపాలన్న ఒప్పందాన్ని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1977లో కోర్టు ఖరారు చేసింది. భారత్ 1992లో చేరిన బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం కూడా, ఇల్లు కోల్పోయిన బిడ్డ మతాన్నీ సంస్కృతినీ భాషనూ పట్టించుకోమంటుంది.

మన గ్రంథాలు ఈ మాట అంతకన్నా ముందే చెప్పాయి. కన్నతల్లి ఎవరో తెలిశాక కూడా కర్ణుడు పెంచిన తల్లి రాధ కొడుకుగానే ఉండిపోయాడు. తనను చూడగానే ఆమెకు పాలు చేపాయనీ, తన మలమూత్రాలు ఎత్తిందనీ కృష్ణుడికి చెప్పాడు. ఖురాన్ అనాథను అణచవద్దంటూనే, పెంచుకున్న పిల్లలను కన్నతండ్రి పేరుతోనే పిలవమంటుంది. ఒక చోట పెంపకానికి విలువ, మరో చోట పుట్టుకకు. రెండు చోట్లా బిడ్డ ఎవరన్నది చెరిపేయకూడదనే ఉంది. అన్నం పెట్టి భాష తీసేసుకుంటే అది సగం రక్షణే.

నిజామాబాద్ జిల్లాలోని ప్రతి బాలల గృహానికీ మరాఠీ, ఉర్దూ, లంబాడీ తెలిసిన మనిషి అందుబాటులో ఉండాలి. బస్టాండులో ఒంటరి పిల్ల కనిపించి పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేసేవారు, ఆమె ఏ భాషలో ఏడుస్తోందో కూడా చెప్పండి.