తొందర లేని పుట్టినరోజు

మొన్న మా ఆవిడ పుట్టినరోజుకి ఇద్దరమే రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో, 1996లో మొదలైన ఆ చోటు 1,600 ఎకరాల పైమాటే. అన్నీ చూసి తీరాలన్న పంతం గేటు దగ్గరే వదిలేశాం.

సినిమాల కోసం కట్టిన రైల్వేస్టేషన్ దగ్గర కాసేపు కూర్చున్నాం. రైలు వచ్చేదీ లేదు, మేం ఎక్కేదీ లేదు. తను చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని, పెళ్లయిన కొత్తలో మేం ఎక్కిన గోదావరి ఎక్స్‌ప్రెస్ సంగతి ఎత్తింది. విశాఖలో కొన్న జామకాయలు, తెల్లవార్లూ చెప్పుకున్న కబుర్లు, అన్నీ ఆమెకు గుర్తే! ఆ గొంతు అంత తీరిగ్గా విని ఎన్నాళ్లయిందో.

పొద్దు వాలుతోంది. లేద్దామా అన్నాను. "ఇంకాసేపు కూర్చుందామండీ" అంది.