మనుషులు లేని ఇంటి బొమ్మ

బొమ్మలో మనిషి లేకపోతే అది మనిషికి జరిగిన అన్యాయాన్ని గురించి మాట్లాడగలదా? నైరూప్య చిత్రకళ ప్రస్తావన వచ్చినప్పుడల్లా తిరుపతిలో మా మిత్రుల మధ్య ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. మా అనుమానానికి కారణం లేకపోలేదు. ఉన్నదున్నట్టు, పేరు పెట్టి చెప్పమన్నది స్త్రీవాదం మనకు నేర్పిన మొదటి పాఠం. ఎవరు వండారు, ఎవరు తిన్నారు, ఎవరి ఒళ్ళు హూనమైంది, ఎవరి నోరు మూయించారు? ఈ వివరాలను తుడిచేసి 'మానవుడు', 'కుటుంబం', 'సమాజం' అన్న పెద్ద మాటలు వాడినప్పుడల్లా ఆ మాటల చాటున ఒక మగవాడు నింపాదిగా కూర్చుని ఉండటం మనం చూశాం. అందుకే వివరాలు లేని గీత కనిపిస్తే మనకు భయం. మళ్ళీ మనల్ని తుడిచేస్తున్నారేమోనని.

ఈ భయాన్ని పక్కన పెట్టకుండానే, జరీనా అనే అమెరికన్ చిత్రకారిణి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఆమెకూ మా చిత్తూరుకూ ఒక దారం ఉంది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి రిషివ్యాలీలోనూ శాంతినికేతన్‌లోనూ చదువుకుని పారిస్ చేరాడు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపిన 'అటెలియే 17' అనే అచ్చు చిత్రాల కార్యశాలలో, ఒకే పలక మీద వేర్వేరు చిక్కదనాలున్న రంగులు పూసి ఒకేసారి అచ్చు వేసే పద్ధతిని రూపొందించినవాళ్ళలో ముఖ్యుడయ్యాడు. 2018లో న్యూయార్క్‌లో చనిపోయాడు. 1960లలో ఆ కార్యశాలలో పని నేర్చుకున్నవాళ్ళలో జరీనా ఒకరు. మా జిల్లా నుంచి మగపిల్లవాడు పారిస్ దాకా వెళ్ళాడని గర్వపడుతూనే, ఆ తరంలో నందనూరు ఆడపిల్లలు ఎంతదూరం వెళ్ళగలిగారని కూడా అడుక్కోవాలి. చాలామందికి తెలిసిన దూరం ఒక్కటే. పుట్టింటి నుంచి మెట్టినింటికి.

జరీనా 1937లో అలీగఢ్‌లో పుట్టింది. తండ్రి అక్కడి ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడు. ఆమె చదివింది గణితం. దౌత్య ఉద్యోగిని పెళ్ళి చేసుకుని బ్యాంకాక్, పారిస్, ఢిల్లీ, ఇలా ఆయన బదిలీల వెంట నడిచింది. బ్యాంకాక్‌లో ఉన్నప్పుడే చెక్క అచ్చుల పని మొదలుపెట్టింది. తర్వాత టోక్యోలో ఆ విద్యను మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంది. 1959లో తల్లిదండ్రులు పాకిస్తాన్ వెళ్ళిపోవడంతో అలీగఢ్‌లో తిరిగి వెళ్ళే ఇల్లు లేకుండా పోయింది. 1970ల మధ్యలో న్యూయార్క్ చేరి అక్కడే స్థిరపడింది. భర్త 1977లో చనిపోయాడు. ఆమె మాత్రం తన పనుల మీద ఇంటిపేరు లేకుండా 'జరీనా' అనే సంతకం చేసింది. 2020లో లండన్‌లో కన్నుమూసింది.

న్యూయార్క్ స్త్రీవాద ఉద్యమంలో ఆమె ఊరికే నిలబడి చూడలేదు. 'హెరిసీస్' పత్రిక 1979లో మూడో ప్రపంచ స్త్రీల మీద తెచ్చిన సంచికలో పాలుపంచుకుంది. 1980లో ఆనా మెండియెటా, కజుకో మియమోటోలతో కలిసి, అమెరికాలోని మూడో ప్రపంచ స్త్రీ కళాకారుల ప్రదర్శనను ఎ.ఐ.ఆర్. గ్యాలరీలో ఏర్పాటు చేసింది. తెల్ల స్త్రీల ఉద్యమం తమను లెక్కలోకి తీసుకోవడం లేదని చెప్పడానికి తెల్ల స్త్రీలు ఎక్కువగా నడిపిన గ్యాలరీనే ఎంచుకున్నారు ముగ్గురూ. రాజకీయం తెలిసిన మనిషి, పేరు పెట్టి మాట్లాడటం తెలిసిన మనిషి, తన బొమ్మల్లో మాత్రం మనుషుల్ని ఎందుకు పెట్టలేదు?

1994లో ఆమె చేసిన ఒక అచ్చు చిత్రం పేరు 'నాన్న ఇల్లు: 1898-1994'. అలీగఢ్ ఇంటి నేల నక్షా అది. 1997లో 'నేను కట్టుకున్న ఇళ్ళు: తొమ్మిది గీతల్లో ఒక జీవితం' అని తొమ్మిది చిత్రాలు చేసింది. తాను కాపురమున్న ఇళ్ళ నక్షాలవి. గోడలు, గుమ్మాలు, ఖాళీలు. అంతే. కుర్చీ లేదు, పొయ్యి లేదు, మనిషి లేదు. 'ఇందులో ఆడవాళ్ళెక్కడ మేడమ్?' అని ఒక విద్యార్థిని నన్ను అడిగింది. సరైన ప్రశ్న. ఎందుకంటే నక్షా అమాయకమైన వస్తువు కాదు. సర్వే నంబరు, కొలతల పుస్తకం, రిజిస్ట్రేషన్ కాగితం, ఇవన్నీ మనుషుల్ని తీసేసి గీసిన బొమ్మలే. అధికారానికి నైరూప్యం అంటే మహా ఇష్టం.

నాకు తెలిసిన నక్షా ఒకటుంది. మా అమ్మ పుట్టిన మిద్దె పలమనేరు దగ్గర ఒక పల్లెలో ఉండేది. 1991లో తాత, మేనమామలు కలిసి భాగ పరిష్కారం చేసుకుని రిజిస్టరు చేయించారు. ఆ దస్తావేజుకు వెనక ఒక నక్షా కుట్టి ఉంది. ఎర్ర సిరాతో ఒక భాగం, నీలి సిరాతో ఒక భాగం, నాలుగు వైపులా చెక్కుబంది. అమ్మ పేరు అందులో ఎక్కడా లేదు. ఎవరూ దౌర్జన్యం చెయ్యలేదు. చట్టప్రకారమే జరిగింది.

ఆ చట్టాన్ని ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. తండ్రి వీలునామా రాయకుండా పోతే, కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు, మగ వారసులు పంచుకోదలిచేదాకా, ఆడ వారసులకు లేదని 1956 హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్ చెప్పింది. కూతురు ఆ ఇంట్లో ఉండొచ్చు. అయితే పెళ్ళి కానిదైనా అయి ఉండాలి, భర్త వదిలేసిందో భర్తకు దూరమైందో అయినా కావాలి, విధవ అయినా కావాలి. కాపురం చేసుకుంటున్న ఆడదానికి పుట్టింట్లో నిలువ నీడ హక్కుగా లేదన్నమాట. 1985 సెప్టెంబర్ 5 నుంచి ఆంధ్రప్రదేశ్ సవరణ కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కునిచ్చింది, అంతకుముందే పెళ్ళైనవాళ్ళను వదిలేసి. అమ్మ పెళ్ళి 1964లో. 2005లో కేంద్రం ఆ తేడా తీసేసింది, 23వ సెక్షన్‌నూ రద్దు చేసింది. కానీ 2004 డిసెంబర్ 20కి ముందు జరిగి రిజిస్టరైన పంపకాలను కదపకూడదంది. 2020లో సుప్రీంకోర్టు కూతుళ్ళ హక్కు తండ్రి బతికుండటం మీద ఆధారపడదని తేల్చినప్పుడు కూడా ఆ గీత అలాగే ఉంది. ప్రతి సవరణ తలుపు తెరిచింది. ప్రతిసారీ అమ్మ ఆ తలుపుకు అవతలే ఉంది.

ఇప్పుడు రెండు నక్షాలను పక్కపక్కన పెడదాం. రెండింట్లోనూ మనుషులు లేరు. దస్తావేజు నక్షా ఇల్లు ఎవరికి చెందుతుందో చెప్పడానికి గీసింది. జరీనా నక్షా ఆ ఇంటి మీద ఏ హక్కూ మిగలని కూతురు గీసింది. మొదటిది టేపుతో కొలిచింది. రెండోది మనసులో ఆ ఇంట్లో తిరిగి తిరిగి గుర్తుపట్టింది. ఒకే భాష, చెప్పే మనిషి మారింది. ఇళ్ళను గీతలుగా మార్చే అధికారాన్ని ఆమె సర్వేయరు చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది. ఆ ఇంట్లో ఒక స్త్రీ బొమ్మ వేసి ఉంటే మనం ఆమె మీద జాలిపడి పేజీ తిప్పేవాళ్ళం. ఎవరూ లేని గదిని చూస్తే మాత్రం, ఇక్కడ ఎవరు ఉండాలి, ఎవర్ని ఉండనివ్వలేదు అని అడక్క తప్పదు.

2001లో ఆమె చేసిన 'విభజన రేఖ' చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. భారత పాకిస్తాన్ల సరిహద్దు అది. నల్లటి వంకర గీత ఒక్కటే కాగితమంతా. చెక్క అచ్చులో గీత నల్లగా రావాలంటే గీతను గీయడం కుదరదు, దాని చుట్టూ ఉన్న చెక్కనంతా ఉలితో తీసెయ్యాలి. 1947లో ఆ గీతను కొద్ది వారాల్లో గీసిపారేశారు. దాన్ని చెక్క మీద నిలబెట్టడానికి ఆమె అటూ ఇటూ ఉన్న నేలనంతా తన చేత్తో తవ్వి పోసింది. గీత గీసినవాడికి కనిపించని నష్టం ఆ చెక్కపొట్టులో ఉంది.

రోజూ ముగ్గేసే మన ఆడవాళ్ళకు నైరూప్యం కొత్తేమీ కాదు అనొచ్చు. నిజమే. చుక్కలు లెక్కపెట్టి, మెలికలు తిప్పి, మనిషి లేని బొమ్మను గడప ముందు వేస్తారు. కానీ ముగ్గేసే మనిషి పేరు ఆ ఇంటి పట్టాలో చాలాసార్లు ఉండదు. సాయంత్రానికి ముగ్గు చెరిగిపోతుంది, పట్టా ఉంటుంది. ఆ చెరిగిపోవడంలో గొప్ప తత్వముందని మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉంచుకునే హక్కున్నవాళ్ళు వదులుకుంటే అది వైరాగ్యం. ఆ హక్కే లేనివాళ్ళకు వదులుకోవడానికి ఏముంది?

నన్ను వేధించే ప్రశ్న ఇక్కడే ఉంది. 'ఆస్తి వాళ్ళకు పోతే పోయింది, జ్ఞాపకాలు నీవే కదా' అని ఆడవాళ్ళను ఓదార్చడం పాత అలవాటు. జరీనా బొమ్మలు ఆ ఓదార్పుకే రంగు పూస్తున్నాయా? ఒకసారి అమ్మను ఆ మిద్దె గురించి చెప్పమన్నాను. 'ఆ ఇంట్లో నాకేముండాది, పోయొచ్చే ఇల్లే గదా' అంది మొదట. తర్వాత చెప్పింది. తలవాకిలి నుంచి పడసాలకు మూడు అడుగులు, వంటింటి మెట్టు ఎత్తు, రోలు ఏ మూల, పసుల కొట్టంలోకి గాలి ఏ వైపు నుంచి వచ్చేది. మనుషుల ఊసు ఎత్తలేదు. తండ్రినీ తమ్ముళ్ళనూ నిందించాల్సి వస్తుందనేమో, గోడలే చెప్పింది. ఆమె నిష్ఠూరమంతా ఆ కొలతల్లో ఉంది. అయినా ఆ కొలతలు వాటాకు బదులు కావు. ఎంత అందంగా గుర్తుపెట్టుకున్నా కావు.

జరీనాకు ఈ సంగతి తెలుసనే నా నమ్మకం. జ్ఞాపకాన్ని ఆమె మనసులో దాచుకుని తృప్తిపడలేదు. దానికి దస్తావేజులాగా పేరు పెట్టింది, సంవత్సరాలు వేసింది, పలక మీద చెక్కింది, ఒకటికి నాలుగు ప్రతులు తీసి ప్రతి ప్రతి మీదా సంతకం చేసింది. మ్యూజియాలు వాటిని భద్రం చేశాయి. ఇల్లు తిరిగి రాలేదు. కానీ ఆ ఇల్లు ఒక కూతురిది కూడా అని చెప్పే కాగితం లోకంలో ఒకటి తయారైంది. ఆ పని చెయ్యడానికి ఆమెకు చదువుంది, పారిస్ ఉంది, న్యూయార్క్ ఉంది. మా అమ్మకు ఉన్నవి మాటలు. వాటిని రాసుకున్నాను, కొలతలతో సహా. చివర అమ్మ చేత సంతకం పెట్టించాను.