నకలు వేస్తే తప్పా?

ఒకరు వేసిన బొమ్మను చూసి మనం వేస్తే అది నేర్చుకోవడమా, దొంగతనమా? ఏలూరులో చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్న మా ముందుకొచ్చింది.

బుట్టాయగూడెం కొండల నుంచి వచ్చిన నలుగురం సెలవు రోజుల్లో ఆయిల్ పెయింటింగ్ నేర్చుకునేవాళ్లం. ఎదురుగా పెట్టుకున్నది దామెర్ల రామారావు ‘పుష్పాలంకరణ’ ప్రింటు. రాజమండ్రిలో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూసిన చిత్రకారుడాయన. తాడేపల్లిగూడెంలో బోర్డులు రాసే ఒక పెద్దాయన ప్రింటు మీద, గుడ్డ మీద గళ్లు గీసుకుని ఒక్కో గడినీ దించడం చూపించారు. ముందు టర్పెంటైన్ కలిపిన పల్చటి రంగు, దాని మీదే అవిసె నూనె కలిపిన చిక్కటి రంగు. తిరగేసి వేస్తే ఆరాక పగుళ్లిస్తుందని హెచ్చరించారు.

“ఇందులో మీ సొంతం ఏముంది?” అని కొందరు నవ్వారు. కానీ చూసి చేయకుండా ఎవరు నేర్చుకున్నారు? తిరువనంతపురం ఆస్థానానికొచ్చిన జెన్సన్ అనే విదేశీయుడు పని నేర్పనంటే, రవివర్మ ఆయన వేస్తుండగా చూసి నేర్చుకున్నాడంటారు. ఏలూరు తివాచీ పని పర్షియా నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. మన అవ్వలు బుట్ట అల్లడం పక్కవాళ్ల చేతులు చూసే నేర్చారు. ఏకలవ్యుడు మట్టిబొమ్మను గురువనుకుని నేర్చుకున్నాడు. ఆ కథలో తప్పు నేర్చుకోవడంలో లేదు, బొటనవేలు అడగడంలో ఉంది.

అయితే తప్పు మేమూ చేశాం. మాలో ఒకడు ఆ నకలు కింద తన పేరు రాసి అమ్మాడు. ఆ డబ్బుతో అందరం బిర్యానీ తిన్నాం. కొన్నాళ్లకు ఒక దుకాణంలో మా ఊరి వెదురుబుట్ట అల్లిక అచ్చు గుద్దిన సంచులు కనిపించాయి. ఊరి పేరు లేదు, అల్లినవాళ్ల పేరు లేదు. “మాది దోచుకున్నారు” అని మండిపడ్డాం. ఆ కోపంలోనే బిర్యానీ గుర్తొచ్చి మాట పడిపోయింది. దామెర్లకు మేము చేసిందీ అదే కదా! ఆ తర్వాత ప్రతి నకలు కిందా ‘ఫలానావారి చిత్రానికి నకలు’ అని రాయడం మొదలుపెట్టాం. చూసి వేయడం నేర్చుకోవడమే. ఎవరిని చూసి వేశామో దాచడమే దొంగతనం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొల్లేరు చూద్దామని ఆటపాక వెళ్లాం. దూరం నుంచి తెల్లగా కనిపించిన గూడబాతులు దగ్గరికెళితే బూడిదరంగు. తెలుపే అనుకుని ఎన్నిసార్లు తెలుపే పూశామో! ఊరెళ్లాక అమ్మ బొమ్మ మొదలుపెట్టినప్పుడూ ఇదే జరిగింది. నకలు వేస్తూ అలవాటైన మేనిరంగునే చేయి కలిపేసింది. గుడ్డ మీద ఉన్నది అమ్మ కాదు, ఎవరో పరాయి మనిషి. అది గీకేసి, మట్టి గోధుమరంగులో కాస్త నీలం కలిపాకే ఆమె ముఖం వచ్చింది. వేకువనే చెట్టుకింద రాలిన ఇప్పపూలు ఏరుతున్న అమ్మ. మనిషీ పూలూ కలిసిన మా తొలి సొంత చిత్రం అదే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నకలు వేయడానికి సిగ్గుపడకండి. మాస్టార్లూ, పిల్లల చేత మంచి బొమ్మలు చూసి వేయించండి, కింద అసలువారి పేరు రాయించండి. ఆ తర్వాత ఆ ప్రింటు తీసేసి, ‘ఇప్పుడు మీ అమ్మను వేయండి’ అనండి.