తాత కట్టిన ఇల్లు, మనవడి ధమ్మం



తాత చేసిన తప్పుకు మనవడు బాధ్యుడా? తొందరపడి అవుననో కాదనో చెప్పకుండా, ఇంగ్లండులోని ఒక ఇంటి చరిత్ర చూసి ఆలోచిద్దాం.

యార్క్‌షైర్‌లో లీడ్స్ నగరానికి దగ్గర్లో హేర్‌వుడ్ హౌస్ అనే పెద్ద భవంతి ఉంది. 1759లో పునాది వేశారు, 1771 నాటికి కాపురానికి సిద్ధమైంది. కట్టించినవాడు ఎడ్విన్ లాసెల్స్. ఆయన తండ్రి హెన్రీ బార్బడోస్ దీవిలో వ్యాపారం చేసి గడించాడు. ఏం వ్యాపారం? చక్కెర, బానిసలు, తోటల యజమానులకు అప్పులు. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన మనుషులు ఆ చెరకు తోటల్లో చచ్చేదాకా పనిచేశారు. బానిస తల్లికి పుట్టిన బిడ్డ కూడా బానిసే. పుట్టుకతోనే బతుకు ఖాయం చేసే ఏర్పాటు ఎలాంటిదో మనకు వేరే చెప్పక్కర్లేదు.

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఎవరికి? బానిసలకు అనుకునేరు, యజమానులకు! 1,277 మంది బానిసలను వదులుకున్నందుకు హేర్‌వుడ్ ప్రభువుకు 26,309 పౌండ్లు ముట్టాయి. ఆ 1,277 మందికి చిల్లిగవ్వ కూడా రాలేదు.

ఉపాసకులు చేయకూడని వ్యాపారాలు ఐదని బుద్ధుడు చెప్పాడు. వాటిలో మనుషుల వ్యాపారం ఒకటి. ఆ కొలతతో చూస్తే ఈ ఇంటి పునాదే తప్పు.

ఇప్పటి వారసుడు డేవిడ్ లాసెల్స్ 2011లో ఎనిమిదో ప్రభువయ్యాడు. ఇంటిని 1986 నుంచి ఒక ట్రస్టు నడుపుతోంది, కుటుంబం మాత్రం అక్కడే ఉంటోంది. ఈయనకు హిమాలయ ప్రాంతపు బౌద్ధం మీద ఆసక్తి. 2004లో భూటాన్ భిక్షువులను పిలిపించి ఆ తోటలో ఒక స్తూపం కట్టించాడు. బానిసల చెమటతో లేచిన ఇంటి పెరట్లో బుద్ధుడి స్తూపం! దానితో పాత పాపం పోతుందా?

పోదు. నదిలో మునిగితే పాపం కడుక్కుపోదని చెప్పినవాడు బుద్ధుడు. స్తూపం కడితే పోతుందంటే ధమ్మం కూడా ఒక ప్రాయశ్చిత్తం పూజ అయిపోతుంది.

అలాగని డేవిడ్ పుట్టుకతో పాపి అందామా? అదీ కుదరదు. ధమ్మంలో కర్మ అంటే తెలిసి, సంకల్పించి చేసే పని. ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో బాబాసాహెబ్ పూర్వజన్మ కర్మను తోసిపుచ్చారు. పుట్టుకను బట్టి నేరం మోపే న్యాయం మన తాతల మీద వేల ఏళ్లు నడిచింది. దాన్నే మనం ఇంకొకరి మీద ఎలా వాడతాం?

రక్తం వెంట పాపం రాదు. ఆస్తి మాత్రం వస్తుంది. ఇవ్వనిది తీసుకోనని పంచశీలలో రోజూ చెప్పుకుంటున్నాం. తాత లాక్కున్నది మనవడు చేతిలో పెట్టుకుని, ఎక్కడిదో తెలిసి కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనం తాతది కాదు. అది మనవడు ఈరోజు చేస్తున్న కర్మ.

డేవిడ్ మౌనంగా లేడు. కుటుంబపు బానిస వ్యాపార కాగితాలు ఇప్పుడు యార్క్ విశ్వవిద్యాలయంలో ఎవరైనా చదువుకోవచ్చు. 2023లో బానిస యజమానుల వారసులు కొందరు కలిసి, జరిగిన నష్టాన్ని పూడ్చాలని అడిగే బృందం పెట్టారు. అందులో ఆయనా ఉన్నాడు. నిజం ఒప్పుకోవడం మొదటి మెట్టు. అది సరిపోతుందో లేదో చెప్పాల్సింది ఆయనా కాదు, మనమూ కాదు. బార్బడోస్‌లో ఆ బానిసల మనవళ్లు చెప్పాలి.

“మా తాతలు చేశారేమో గానీ మేం చేయలేదు కదా” అనే మాట మన ఊళ్లలోనూ వింటాం. ఆ మాట అన్నవాళ్ల మీద కోపం పెంచుకోవద్దు, మాటను అక్కడితో వదిలేయనూ వద్దు. శాంతంగా ఒక్కటే అడగండి: “నిజమే, నువ్వు చేయలేదు. మరి తాత ఇచ్చినదాంట్లో నీ దగ్గర ఏముంది? దాన్ని ఏం చేస్తున్నావు?”

నమో బుద్ధాయ. జై భీమ్.