మర్యాద యను ఎల్ల

దేవాలయమున తమకు మర్యాద జరుగలేదని అలిగి వెళ్ళువారిని ప్రతి యుత్సవమునందును చూచుచున్నాము. పూర్ణకుంభము ఎదురు రాలేదనియు, శఠారిని తమకంటె ముందు మరియొకరి శిరస్సున నుంచిరనియు వారి పరితాపము. 'మర్యాద చేయుట', 'మర్యాద జరుగుట', 'మర్యాద దక్కుట' అను మాటలు మన నోట నానినంతగా 'మర్యాద తప్పకుండుట' యను మాట నానుట లేదు. అంతకంటె బాధాకరమైన విషయము, 'మర్యాదగా లే', 'మర్యాదగా పో' అని ఆ పదమునే బెదిరింపునకు వాడుట.

సంస్కృతమున ఈ శబ్దమునకు ఎల్ల, పొలిమేర, చెలియలికట్ట యని యర్థములు. వైయాకరణులు దీనిని మరింత సూక్ష్మముగ గ్రహించిరి. అష్టాధ్యాయి 2వ అధ్యాయము 1వ పాదము 13వ సూత్రమున పాణిని 'ఆఙ్' అను నవ్యయమునకు మర్యాద, అభివిధి యను రెండర్థములను పేర్కొనెను. పాటలీపుత్రము దాక వాన కురిసెనన్నప్పుడు, పురమును తాకక దాని పొలిమేరతోనే ఆగినచో అది మర్యాద. పురమును గూడ తడిపినచో అభివిధి. అవధి వఱకు వచ్చియు లోనికి చొరకుండుటయే మర్యాద యన్నమాట.

కిష్కింధాకాండ 33వ సర్గ చదివినవారికి దీని స్వరూపము కన్నులకు గట్టును. సుగ్రీవుడు మాట తప్పెనని క్రోధముతో మండిపడుచు, అన్నగారి యాజ్ఞ తలదాల్చి, విల్లు చేబూని వచ్చిన లక్ష్మణుడు, తన్ను అడ్డగింప సాహసించువారెవరును లేని ఆ రాజగృహమున, స్త్రీల యందెల సవ్వడియు మొలనూళ్ళ మ్రోతయు చెవి సోకినంతనే సిగ్గుపడెను. రోషము పట్టలేక వింటినారి మ్రోగించెనే కాని అడుగు ముందుకు వేయక, ప్రక్కకు తొలగి ఏకాంతమున నిలిచెను; తార యెదుటికి వచ్చినప్పుడు తల వంచుకొనెను. కోపము న్యాయమైనదే, పని తొందరదే. ఐనను పరుల యంతఃపురము పరులదే యని ఆ మహానుభావుడు మఱువలేదు.

మనమో, హారతి వేళ చేయెత్తి సెల్‌ఫోను పట్టి, వెనుక నిలిచిన ముదుసలికి స్వామి ముఖము కనబడనీయక, ఆ చిత్రమునే భక్తికి సాక్ష్యముగ ఊరంతయు పంచుచున్నాము. గంటల తరబడి నిలిచిన యామెకు దక్కిన ఆ క్షణము ఆమె సొత్తు; దానిలోనికి చేయి చాపుట అపచారమే.

ముక్కోటి యేకాదశి నాడు ఉత్తరద్వార దర్శనమునకు వెళ్ళు పాఠకులారా, సెల్‌ఫోనును సంచిలోనే యుంచుడు. చంటిబిడ్డ నెత్తుకొన్న తల్లి మీ ముందున్నచో ఆమెను త్రోసికొని పోకుడు.