మూసిన పెట్టెలోని కనికరము

ధ్యానభాగము: 1 రాజులు 19:1–15

వేపకొమ్మనుండి జారిపడిన ఉడుత తలకు దెబ్బ తగిలి, మెడ వంకరయై, ఉన్నచోటనే గుండ్రముగా తిరుగుచుండెను. ఆ యింటి బాలుడు జాలిపడి దాని నోట నీళ్లు పోయబోగా తల్లి అతని చేయి పట్టి ఆపెను. ఒళ్లు వెచ్చబడి తెలివి రాకమునుపు పోసిన నీళ్లు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయగలవు. దానికి మొదట కావలసినవి చీకటి, నిశ్శబ్దము, కొద్దిపాటి వెచ్చదనము. గనుక ఆమె గాలి రంధ్రములుగల అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి, దానిని అందుంచి, మాటిమాటికి తెరచి చూడక, పశువైద్యునియొద్దకు చేర్పించెను.

బదరీవృక్షము క్రింద మరణము కోరిన ఏలీయాను దేవుడు ఈలాగుననే ఆదరించెను. దూత అతని గద్దింపలేదు. మొదట నిద్ర, పిమ్మట రొట్టెయు నీళ్లును, మరల నిద్ర. దేవుని ప్రశ్న 40 దినముల ప్రయాణము ముగిసి, హోరేబు చేరిన పిమ్మటనే వినబడెను.

దుఃఖముచేత దిమ్మెరపోయిన సహోదరుని నోట సంఘము తరచుగా వాక్యములను త్వరపడి పోయును. ఆ వాక్యములు సత్యమే. నీళ్లును మంచివే, అయితే మ్రింగలేనివానికి అవి ఊపిరాడనియ్యవు. ప్రక్కను మౌనముగా కూర్చుండుటయు పరిచర్యయే.

వారములు గడచి ఉడుత మెడ నిలిచెను. బాలుడు దానిని ఉంచుకొనగోరెను. అయినను ఆ వేపచెట్టునొద్దనే పెట్టె తెరువబడెను. ఏలీయాయు తన మార్గమున మరల పంపబడెను. స్వస్థపరచు ప్రేమ తనకొరకు బంధించుకొనదు.

ప్రార్థన: ప్రభువా, ఎప్పుడు ఇయ్యవలెనో, ఎప్పుడు ఆగవలెనో, ఎప్పుడు విడువవలెనో నీ సేవకులకు నేర్పుము. ఆమేన్.