బాగోగులు

"ఏమీ జరగలేదు" అనే మాట వెనక ఎంత పని ఉంటుందో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. బియ్యం నిండుకోలేదు. పాలు విరగలేదు. పెద్దాయన బీపీ మాత్ర తప్పిపోలేదు. కరెంటు బిల్లు గడువు దాటలేదు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఇంటిల్లిపాదీ గమనిస్తారు, ఎవరి వల్ల జరిగిందో కూడా క్షణంలో తేల్చేస్తారు. జరగకుండా చూసిన మనిషి మాత్రం ఎవరికీ కనిపించదు. పని ఎంత బాగా చేస్తే దాని ఆనవాలు అంత తక్కువగా మిగులుతుంది. ఆనవాలు మిగలని పనికి విలువ ఎలా కట్టాలి? ఎవరు కట్టాలి?

ఈ ప్రశ్నని మనం వంటింట్లోంచి చాలాసార్లు అడిగాం. ఈసారి ఒక పాత కారు బోనెట్ కింద నుంచి అడగాలనుకుంటున్నాను. అది మగవాళ్ళ ఇలాకా అని అందరూ అనుకునే చోటు. అక్కడ కూడా ఇదే ప్రశ్న ఎదురైతే, దాన్ని "ఆడవాళ్ళ గోడు" అని పక్కకి నెట్టేయడం కుదరదు కదా!

నా కారు 2008 నాటి పెట్రోల్ సెడాన్. ఇప్పటికి లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఊరి బయట ఉన్న కాలేజీకి అందులోనే వెళ్తాను. పాత కారు జబ్బులు వింతగా ఏమీ ఉండవు. రబ్బరు గట్టిపడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, పోసిన ఆయిళ్ళు పాడవుతాయి. దాని వృద్ధాప్యం చాలావరకు ఇంతే. ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగుల రబ్బరు పోతే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. సస్పెన్షన్ బుష్‌లు అరిగితే స్పీడ్ బ్రేకర్ మీద కటకటలాడుతుంది. వాల్వ్ సీళ్ళు గట్టిపడితే పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంది, అంటే ఆయిల్ కాలుతోందన్నమాట. తెల్లపొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గిపోతుంటే, అది ఇంజిన్ లోపలికి పోతోందేమో చూడాలి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది టైమింగ్ బెల్ట్. పళ్ళున్న రబ్బరు బెల్టు అది. పిస్టన్ల కదలికకీ, వాల్వులు తెరుచుకుని మూసుకునే వేళలకీ పొత్తు కుదిర్చేది అదే. కొన్ని కార్లలో దాని బదులు చైన్ ఉంటుంది. బెల్టు ఉన్న కార్లలో, మోడల్‌ని బట్టి, సాధారణంగా 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. అంత తిరగకపోయినా ఏళ్ళు గడిస్తే మార్చాల్సిందే. తెగబోయే ముందు చాలాసార్లు అది చప్పుడు చేయదు, డాష్‌బోర్డు మీద దీపం వెలగదు. తెగితే మాత్రం చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగిపోతాయి. అందుకని నడుస్తున్న కారులో, ఇంకా తెగని బెల్టుని, వేల రూపాయలు పెట్టి మార్చాలి. విప్పే కూలి మళ్ళీ ఇవ్వక్కర్లేకుండా టెన్షనర్‌నీ వాటర్ పంపునీ కూడా అప్పుడే మార్చేయడం మంచిది. ఇంతా చేశాక కారులో ఏ తేడా కనిపించదు. నిన్న ఎలా నడిచిందో ఇవాళా అలాగే నడుస్తుంది. "అప్పుడూ నడిచింది, ఇప్పుడూ నడుస్తోంది. ఏం లాభం అక్కా?" అన్నాడు మా తమ్ముడు. ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు. "రోజంతా ఇంట్లో ఏం చేస్తావ్?" అనే మాటకి అది తోబుట్టువు.

తత్వశాస్త్రం కూడా ఈ విషయంలో మా తమ్ముడికి మరీ దూరంగా ఏమీ లేదు. హన్నా ఆరెంట్ 1958లో వచ్చిన 'ది హ్యూమన్ కండిషన్'లో శ్రమనీ, పనినీ వేరు చేసింది. బతకడానికి రోజూ చేసి రోజూ ఖర్చయిపోయేది శ్రమ. మన తర్వాత కూడా నిలిచే వస్తువుల్ని తయారుచేసేది పని. ఆ లెక్కన బల్ల చేసినవాడి పని నిలుస్తుంది, బల్ల తుడిచినావిడ శ్రమ సాయంత్రానికి దుమ్ములో కలుస్తుంది. మనిషి కట్టుకున్న ప్రపంచాన్ని ప్రకృతి తినేయకుండా కాపాడటానికి కూడా రోజువారీ చాకిరీ కావాలని ఆరెంట్ గుర్తించింది. కానీ ఆ చాకిరీని శ్రమ ఖాతాలోనే వేసింది. అంతకు ముందే, 1949లో, సిమోన్ ద బోవా 'ది సెకండ్ సెక్స్'లో ఇంటిపనిని సిసిఫస్ శిక్షతో పోల్చింది. బండని కొండ మీదికి తోయడం, అది దొర్లిపోవడం, మళ్ళీ తోయడం... ఆ పోలికలోని కోపం న్యాయమైనదే. అయినా నాకొక సందేహం. సిసిఫస్ తోయడం మానేస్తే లోకానికి వచ్చే నష్టం లేదు. వంట మానేస్తే ఆకలి మిగులుతుంది, బెల్టు మార్చడం మానేస్తే ఇంజిన్ పోతుంది. శిక్షకీ సంరక్షణకీ తేడా అక్కడ ఉందనిపిస్తుంది.

ఆ తేడాని పట్టుకున్న మనిషి న్యూయార్క్ కళాకారిణి మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్. 1969లో, చంటిబిడ్డ తల్లిగా ఉన్నప్పుడు, నిర్వహణ పనినే కళ అంటూ ఒక మానిఫెస్టో రాసింది. 1979-80లలో ఆ నగర పారిశుధ్య శాఖలోని దాదాపు 8,500 మంది కార్మికుల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. చంటిబిడ్డ గుడ్డలు ఉతకడాన్నీ నగరం చెత్త ఎత్తడాన్నీ ఒకే వరసలో పెట్టి చూసింది. ఆ వరసలో మెకానిక్ షెడ్డుకి కూడా చోటుంది.

అసలు కారు చరిత్రలోనే ఈ వివక్ష మొదటి పేజీ నుంచీ ఉంది. 1886లో కార్ల్ బెంజ్ పేరున పేటెంట్ వచ్చింది. ఆ ప్రయత్నంలో భార్య బెర్తా పుట్టింటి డబ్బు కూడా ఉంది. 1888 ఆగస్టులో ఆమె భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆ బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి బయల్దేరింది. వంద కిలోమీటర్లు దాటిన దూరం. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగకి తన మేజోడు పట్టీని తొడుగుగా వాడింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో ఒక చెప్పులు కుట్టే మనిషి చేత తోలు వేయించింది. కారుని కనిపెట్టింది కార్ల్ అని పిల్లలకి చెప్తాం. అది అంత దూరం పోగలదని లోకానికి చూపించింది బెర్తా చేసిన రిపేర్లు. ఆ రిపేర్లని మాత్రం ముచ్చటైన పిట్టకథలా చెప్పుకుంటారు. తోలు వేసిన మనిషి ఆ కథలో ఒక మూలన నిలబడతాడు. మన దగ్గరైతే ఆ మనిషి కులమేమిటో కూడా అడగక్కర్లేదు.

రిపేరులో సగం పని వినడం. చప్పుడులో తేడా మొదట తెలిసేది రోజూ నడిపే మనిషికే. ఒకసారి నా కారు మలుపు తిరిగినప్పుడల్లా టిక్ టిక్ మనడం మొదలుపెట్టింది. ఒక సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్లో అబ్బాయి "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. ఏ సార్ అని అడిగాను. "బండి పాతది కదా మేడమ్, మీకలా అనిపిస్తోందేమో" అని, కడిగి, తుడిచి, బిల్లు ఇచ్చారు. తర్వాత మా కాలనీ చివర షెడ్డుకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన బోనెట్ ఎత్తకముందే ప్రశ్నలు వేశాడు. "ఎప్పుడొస్తదమ్మా? తిప్పినప్పుడా, సీదా పోయేటప్పుడా? సల్లగున్నప్పుడా, గరమైనంకనా?" అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. చక్రం వెనకాల యాక్సిల్ మీది రబ్బరు బూటు చిరిగింది. గ్రీజు బయటికి చిమ్మేసి, దుమ్ము లోపలికి పోయి, జాయింటు అరుగుతోంది. బూటు చిరిగిన వెంటనే చూసుకుంటే కొద్ది ఖర్చుతో పోతుంది, జాయింటు పోతే చాలా ఎక్కువ.

మాట్లాడే మనిషి ఎవరన్నదాన్ని బట్టి వాళ్ళ మాటకి నమ్మకం తగ్గించేయడం ఒక అన్యాయమని మిరాండా ఫ్రికర్ 2007లో వచ్చిన పుస్తకంలో వాదించింది. ఆస్పత్రిలో మన నొప్పి "అనిపించడం" అయినట్టే, షెడ్డులో మనం విన్న చప్పుడు కూడా "అనిపించడం" అవుతుంది. ఆ పెద్దాయన నాకు చేసిన గౌరవం పెద్ద మాటల్లో లేదు, ఆ నాలుగు ప్రశ్నల్లో ఉంది.

ఇక్కడే నన్ను అసలు చిక్కు ప్రశ్న పట్టుకుంది. పాతదాన్ని పారేయకుండా బాగుచేసుకుంటూ వాడుకోవడం మంచిదని నేను నమ్ముతాను. ఇదే నీతిని కదా పెళ్ళి విషయంలో మనకి తరతరాలుగా నూరిపోసింది! "ఏ కాపురంలో లేవు గొడవలు? సర్దుకుపో తల్లీ." కారుని నిలుపుకోవడం గొప్ప అయితే కాపురాన్ని నిలుపుకోవడమూ గొప్పేగా అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి?

జవాబు నాకు షెడ్డులోనే దొరికింది. సర్దుకుపోవడం అంటే చప్పుడు వినపడకుండా పాటల సౌండు పెంచుకోవడం. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే "ఇంకెంత దూరం, వచ్చేశాంగా" అని నడుపుతూ పోవడం. హెడ్డు వంకరపోయి, గ్యాస్కెట్ పోయి, ఆయిల్‌లో కూలెంట్ కలిసి పాలు కలిపిన కాఫీలా తయారయ్యేది అలాగే. బాగుచేయడం దీనికి పూర్తిగా ఎదురు. బండి ఆపాలి. చప్పుడుకి పేరు పెట్టాలి. అరిగిందాన్ని అరిగిందనాలి, విప్పాలి, మార్చాలి. సర్దుకుపోవడంలో మారే పార్టు ఎప్పుడూ ఒక్కటే, అది ఎవరో మనకి తెలుసు. ఇంకో మాట. బుష్ అరగడం బుష్ తప్పు కాదు. ఎత్తిన చెయ్యి అరిగిపోయిన బుష్ కాదు. దాన్ని బాగుచేసే బాధ్యతని దెబ్బలు తిన్న మనిషి మీద పెట్టడం నీతి అనిపించుకోదు.

తెలుగులో సంరక్షణకి ఒక చక్కటి మాట ఉంది: బాగోగులు చూసుకోవడం. బాగు అంటే మంచి, ఓగు అంటే చెడు. రెండిటినీ చూడమని ఆ మాటే చెప్తోంది. మనకి నేర్పింది మాత్రం బాగు చూపించమనీ, ఓగు కప్పిపెట్టమనీ.

ఓగు చూడటం అంటే ఎప్పుడు ఆపాలో కూడా చూడటం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. అందుకే సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చమంటారు. లేకపోతే వేడెక్కినప్పుడు బ్రేకు పట్టు తప్పవచ్చు. అప్పుడు దెబ్బ తగిలేది రోడ్డు దాటుతున్న ఎవరికో. నా పొదుపుకీ, నా మమకారానికీ వాళ్ళు మూల్యం చెల్లించక్కర్లేదు. మన చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు ఉంటుంది, ఆ తర్వాత తనిఖీ చేసి ఐదేళ్ళకి పొడిగిస్తారు. నా కారుకి 2023లో అలా పొడిగించారు. కానీ కాగితం మీది గడువు ఒకటి, చాసిస్ కింద తుప్పు చెప్పే గడువు ఇంకొకటి. తుప్పు చాసిస్‌ని తినేసిన రోజున దాన్ని అమ్మి ఇంకొకరి నెత్తిన పెట్టకుండా తుక్కుకి పంపడం కూడా బాగోగులు చూడటంలో భాగమే.

ఈ సంరక్షణ ఎవరి చేతుల మీద నడుస్తోందో కూడా చూడాలి. షెడ్డులో కుర్రాళ్ళు కాలిన ఇంజిన్ ఆయిల్‌లో ఉత్త చేతులు పెడతారు. అది చర్మానికి హాని చేసే ఆయిల్. నా కారు తక్కువ ఖర్చుతో నడుస్తోందంటే అందులో కొంత ఆ చేతుల లెక్కలో రాసి ఉంది. వస్తువుని కాపాడటానికి మనుషుల్ని అరగదీస్తే, మనం ఇంటి గురించి చేసిన ఫిర్యాదునే షెడ్డు గుమ్మంలో మర్చిపోయినట్టు. గ్లవ్స్ అడగడం, కూలి బేరమాడకపోవడం చిన్న విషయాలే. కానీ సంరక్షణంతా చిన్న విషయాల మీదే కదా నడిచేది!

మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఆనవాలు మిగలని పనికి విలువ ఎలా కట్టాలి? దానికి షెడ్డు పెద్దాయన దగ్గర ఒక సాదా పద్ధతి ఉంది, నా చేత కూడా అలవాటు చేయించాడు. డాష్‌బోర్డు అరలో ఒక నోట్‌బుక్. తారీఖు, కిలోమీటర్లు, ఏం చేశాం, ఎవరు చేశారు, ఎంతయింది. "80,000: బెల్టు, వాటర్ పంపు." "1,55,000: మళ్ళీ బెల్టు." ఏమీ జరగని పదిహేడేళ్ళకి పైబడిన కాలం ఆ పుస్తకంలో వరసగా రాసి ఉంది. మన అమ్మల చాకిరీకి అలాంటి పుస్తకం ఎవరూ పెట్టలేదు. పెట్టి ఉంటే "ఏం చేశావ్?" అని అడగడానికి నోరు వచ్చేది కాదు, ఇక ఆపాల్సిన రోజు ఎప్పుడో వాళ్ళకే ముందు తెలిసేది. రాయడం చేతనైనవాళ్ళం మనం. ఆ లెక్క రాయడం మనం మొదలుపెట్టాల్సిన పనే.